మూడు సంతకాల ఖాతా

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో తూకం వేసే జయరాముడికి రెండు పేర్లుండేవి. గూళ్లు తెచ్చే రైతులు ‘కాటా జయరాముడు’ అనేవాళ్లు. వీధిలో ఆడవాళ్లు ‘వడ్డీ జయరాముడు’ అనేవాళ్లు. వడ్డీలకిచ్చే మనిషని కాదు, పాపం. ఆయన ఒకరికి అర్ధరూపాయి అప్పిచ్చింది లేదు, ఒకరి దగ్గర తెచ్చుకున్నదీ లేదు. ఏ బ్యాంకులో నూటికి ఎంతిస్తున్నారో కనుక్కుంటూ తిరగడమే ఆయనకు పట్టుకున్న పిచ్చి.

పొద్దున్నే గూళ్ల వేలం మొదలైతే మధ్యాహ్నానికంతా కాటా పని ముగిసిపోయేది. అక్కడినుంచి చీకటి పడేదాకా ఉండే పొద్దును ఏం చేసుకోవాలి? పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఉన్నది ఒక్క గది, ఒక స్టవ్వు, ఒక మంచం. అందుకని ఉతికిన చొక్కా వేసుకుని, గుడ్డసంచి చంకన పెట్టుకుని పోస్టాఫీసుకూ బ్యాంకులకూ పోయి, గోడ మీది వడ్డీల పట్టీ మొదటినుంచి చివరిదాకా చదివి వచ్చేవాడు. వచ్చేటప్పుడు ముందింటి అరుగు మీద చింతపండు ఒలుచుకుంటూ పద్మావతమ్మ కాచుకుని ఉండేది. గది ఆమెదే, బాడుగ ఆమెకే.

‘‘ఏమప్పా జయరామా, ఈ పొద్దు ఎంత చెప్పిరి?’’

‘‘నిన్నటిదే అమ్మా.’’

‘‘మరి మొగమేంటికి అట్ల వాడిపోయింది? తగ్గిందేమో అనుకుంటి. పెరగకపోతే కూడా ఏడ్చేవాణ్ణి నిన్నే చూసినా!’’

ఆయన నవ్వి లోపలికి పోయేవాడు. ఆ నవ్వులో ఏమీ దొరకలేదే అని పద్మావతమ్మకు ఉక్రోషం.

అసలు సంగతి తెలియాలంటే తలుపుల అనే ఊరి నుంచి మొదలుపెట్టాలి. ఆ ఊరి పక్క వాళ్లకు నాలుగెకరాల శనక్కాయ చేను ఉండేది. నాయన పోయేనాటికి జయరాముడికి పందొమ్మిదేళ్లు, తమ్ముడు వెంకటేశులుకు పదకొండు, చెల్లెలు వరలక్ష్మికి ఆరు. జయరాముడు చదువు వదిలి హిందూపురంలో కాటా పట్టుకున్నాడు. తమ్ముణ్ణి చదివించి పెనుకొండలో బడి అయ్యవారిని చేశాడు. చెల్లెల్ని ధర్మవరంలో మగ్గం నేసే నాగేంద్రకిచ్చి పెళ్లి చేశాడు. అంతా ముగిసేసరికి ఆయనకు ముప్పైఅయిదు దాటాయి. ఆయన పెళ్లి మాట ఎత్తవలసిన వాళ్లే మరిచిపోయారు. అమ్మ మాత్రం చివరిదాకా ఆయన గదిలోనే ఉండింది. తొంభైనాలుగులో ఆమె కూడా పోయింది.

అమ్మ కర్మాంతరం అయ్యాక చేను అమ్మేశారు. తొంభైఆరు వేలు వచ్చింది.

‘‘తలా ముప్పైరెండు వేలు. లెక్క సరిగ్గా ఉండాదన్నా, చిల్లర గూడా మిగల్లా’’ అన్నాడు వెంకటేశులు.

జయరాముడు తమ్ముణ్ణి, చెల్లెల్ని మార్చి మార్చి చూశాడు. నాయనకొక మాట ఉండేది: ‘‘పని లేకుండా ఒకరింటికి పోగాకు. ఒకసారి పోతే మర్యాద, రెండోసారి పోతే ఏమిటికొచ్చినాడో అంటారు.’’ ఆ మాట పిల్లలు ముగ్గురికీ ఒంట్లో ఇంకిపోయింది. చేను ఉన్నన్నాళ్లు గుత్త లెక్కలకని కలిసేవాళ్లు. అమ్మ ఉన్నన్నాళ్లు ఆమెను చూడ్డానికి వచ్చేవాళ్లు. ఇప్పుడు చేను లేదు, అమ్మ లేదు. ఈ దుడ్లు కూడా పంచేస్తే ఇంకేం పని మీద కలుస్తారు?

‘‘పంచితే ఏడాదిలో కరిగిపోతాది. ఒక్క చోట ఉంటే పెరుగుతాది. ఎవరికి అవసరమొస్తే వాళ్లకు. అమ్మ దుడ్డు అమ్మ దుడ్డుగానే ఉండనీరా’’ అన్నాడు.

బ్యాంకులో ఆఫీసరు ఫారం ముందర పెట్టి అడిగాడు, ‘‘ముగ్గురిలో ఎవరో ఒకరు సంతకం పెడితే ఇయ్యొచ్చా, ముగ్గురూ పెట్టాలా?’’

‘‘ముగ్గురూ సార్’’ అన్నాడు జయరాముడు, తమ్ముడు నోరు తెరిచే లోపలే.

అట్లా మొదలైంది. ఆరునెలల డిపాజిట్టు మాత్రమే వేసేవాడు. గడువు తీరేనాటికి ఇంకో ఊళ్లో ఇంకో బ్యాంకులో నూటికి అర్ధరూపాయి ఎక్కువ కనిపెట్టి ఉండేవాడు. ఇక్కడ తీయాలంటే మూడు సంతకాలు, అక్కడ వేయాలంటే మూడు సంతకాలు. అది కూడా నెలలో పదో తారీఖు లోపల. ఎందుకంటే చేతులు మారే డబ్బు ముందు పొదుపు ఖాతాలో పడేది, ఆ రోజుల్లో ఆ ఖాతాకు పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ మొత్తానికే వడ్డీ కట్టేవాళ్లు. పదిన పడితే నెలంతా లెక్క, పదకొండున పడితే ఆ నెల సున్నా. ఆ సూత్రం తమ్ముడికీ చెల్లెలికీ ఎక్కాల మాదిరి వల్లె వేయించాడు.

తొలి రెండుసార్లు బాగానే జరిగింది. మూడోసారికి వెంకటేశులు చిరాకుపడ్డాడు. ‘‘ప్రతిసారీ సెలవు పెట్టల్లనా అన్నా? ఫారం ఎవరిచేతనైనా పంపించు, బడిలోనే సంతకం పెట్టి పంపిస్తా.’’

‘‘అట్ల కుదరదంటరా. ఆఫీసరు ముందర, ముగ్గురూ ఒకటేసారి కూచోని పెట్టల్లంట’’ అన్నాడు జయరాముడు.

ఆ మాట ఏ ఆఫీసరూ చెప్పలేదు. జయరాముడు పుట్టి బుద్ధెరిగి ఆడిన అబద్ధాల్లో పెద్దది అదే.  తమ్ముడు నమ్మేశాడు. బ్యాంకు రూలంటే ఎవరు కాదంటారు?

ఆ తర్వాత ఏడేళ్లు ఆయనకు పండగలంటే అవే. గుంతకల్లు ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ, అటు తర్వాత ధర్మవరం. డిపాజిట్టు ఏ ఊళ్లో తీరితే అక్కడికి ముగ్గురూ వచ్చేవాళ్లు. వరలక్ష్మి ఓళిగలు చేసి డబ్బాలో తెచ్చేది. బ్యాంకు బెంచీ మీద ముగ్గురూ వరసగా కూర్చుని, టోకెను పిలిచేదాకా తినేవాళ్లు.

ఒకసారి పెనుకొండలో వరలక్ష్మి సంతకం కలవలేదు. అయిదో తరగతి చదువు, ఏటికి రెండుసార్లు పెట్టే సంతకం. నాలిక పళ్ల మధ్య పెట్టుకుని ఒక్కో అక్షరం ముగ్గు వేసినట్టు వేస్తుంది. ‘‘మళ్లా పెట్టమ్మా’’ అన్నాడు ఆఫీసరు.

‘‘ఇంకా రాస్తాండావా? నువ్వు పేరు ముగించేసరికి బ్యాంకోళ్లు రిటైరయిపోతారు’’ అన్నాడు వెంకటేశులు.

‘‘నువ్వు అయ్యవారివి గదా, చిన్నప్పుడు నాకు నేర్పించకుండా పలక మీద నా పేరు తుడిచేసి గోలీల లెక్క రాసుకుంటివి. దాని పాపమే ఇది.’’

‘‘చూడన్నా, ముప్పై ఏండ్లయినా ఆ పలక మరవలా!’’

నాలుగు ఫారాలు చెడిపోయాయి. మధ్యాహ్నం బండి వెళ్లిపోయింది. ముగ్గురూ హోటల్లో ఉగ్గాని తిని, సాయంత్రం బండి దాకా స్టేషన్లో కూర్చున్నారు.  వాళ్లిద్దరూ కొట్లాడుకుంటుంటే జయరాముడు వింటూ కూర్చున్నాడు. ఆ రోజు గదికి వచ్చి అన్నం వండుకోలేదు. కడుపు నిండినట్టే ఉండింది.

పద్మావతమ్మది కోమటింటి బుర్ర. రెండు మూడేళ్లు చూసి చూసి ఒకనాడు పట్టుకుంది.

‘‘నిలబడప్పా. లక్ష రూపాయలకు అర్ధరూపాయి ఎక్కువంటే ఆరు నెలలకు రెండొందల యాభై. ముగ్గురి చార్జీలు, హోటలు, మీ చెల్లెలికి ఒక దినం కూలి పాయె. ఏం మిగిలింది నీకు, చెప్పు?’’

‘‘ఏదో కొంచెం మిగులుతాదమ్మా.’’

‘‘నా తలకాయ మిగులుతాది! అయిదేండ్లకు వేస్తే ఇంకా రూపాయిన్నర ఎక్కువిస్తారంట గదా. మా ఇంటాయన చెప్పినాడు. వడ్డీ వడ్డీ అని ఊరంతా తిరిగేవానికి అది కనపళ్లేదా?’’

కనపడకేం? ఏ గోడ మీదైనా ఆయన కళ్లు మొదట దాన్నే దాటుకుని పోయేవి. అయిదేళ్లకు వేస్తే అయిదేళ్లు సంతకం ఉండదు.

‘‘అవసరమొస్తే చేతికందల్ల గదమ్మా’’ అన్నాడు. పద్మావతమ్మ ఒక చింతగింజ తట్టలోకి విసిరి ఆయన మొహం వంక చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆమె అడగకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

రెండువేలు దాటాక వడ్డీలు పడిపోవడం మొదలైంది. పన్నెండు పది అయింది, పది ఎనిమిదైంది, చివరికి ఏ గోడ మీద చూసినా ఆరుకు అటూ ఇటూ. ఊరూరికీ తేడా పావలాకు దిగింది. ధర్మవరంలో వేసిన డిపాజిట్టును కదిలించడానికి సాకు దొరకలేదు. గడువు తీరగానే బ్యాంకువాళ్లే తిరగరాసుకునేవాళ్లు. ఏడాదిన్నర ముగ్గురూ కలవలేదు. పెనుకొండ మీదుగా పోయే బండి చూసినప్పుడల్లా జయరాముడికి సంచి సర్దుకోవాలనిపించేది. ఏమని పోవాలి?

రెండువేల నాలుగు, ఎన్నికల నెల. ఒక పొద్దున పద్మావతమ్మ ఇంటికి ఫోను వచ్చింది. నాగేంద్రకు కడుపులో పేగు వాచి పగిలిందట, ఆపరేషన్ చేయాలట, పన్నెండు వేలు కట్టమంటున్నారట. జయరాముడు గదిలో ఉన్న నాలుగు వేలు సంచిలో వేసుకుని దొరికిన బండి ఎక్కాడు.

ఆసుపత్రి వరండాలో వరలక్ష్మి కూర్చుని ఉంది. చూడగానే ఆయన కళ్లు ఆమె చెవుల మీద ఆగిపోయాయి. కమ్మల్లేవు. తూట్లు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు గుచ్చుకుంది.

‘‘చిన్నన్న ఎలక్షన్ డ్యూటీ మీద యాడో కొండల పక్క ఊరికి పోయినాడంట. మూడు దినాల దాకా రాడంట. ముగ్గురూ కూచోకుంటే బ్యాంకులో ఇయ్యరు గదా. మార్వాడీ దగ్గర పెట్టేసినా’’ అంది. ‘‘అమ్మ దుడ్డు రెండు లక్షలు దాటి ఆడుండాది. ఏం లాభం? అది ఏడాదికి నూటికి ఆరు తెస్తాంది, నేను నెలకు నూటికి మూడు కడతా.’’

జయరాముడికి మాట గొంతుదాకా వచ్చింది. ‘ముందర కూచోవాల్సిన పని లేదమ్మా, నేనే చెప్పిన అబద్ధమది. కాయితం ఇయ్యి, నేను పోయి వాడు యాడుంటే ఆడ సంతకం పెట్టించుకొస్తా.’ అంతే కదా అనవలసింది! ఆ పూటే బయలుదేరితే మర్నాటికి డబ్బు చేతికొచ్చేది. కానీ వరలక్ష్మి ఆ పుల్లల చెవులతో ఆయన మొహంలోకి చూస్తోంది. మాట తిరిగి లోపలికి పోయింది. నాలుగు వేలు ఆమె చేతిలో పెట్టి, మిగతాదానికి ఆమె కమ్మలనే నమ్ముకున్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. నాలుగోనాడు వెంకటేశులు వచ్చాడు. ముగ్గురూ బ్యాంకుకు పోయారు. ఓళిగల డబ్బా లేదు. ఆఫీసరు కొత్తవాడు. సంతకాలు చూస్తూ విషయమంతా విని తలెత్తాడు.

‘‘ఎవరు చెప్పినారమ్మా మీకు, నా ముందరే పెట్టాలని? కాగితం తీసుకుపోయి సారుతో పెట్టించుకొస్తే చాలు గదా. ఆ రోజే ఇచ్చేవాళ్లం.’’

వెంకటేశులు అన్న వైపు తిరిగాడు. వరలక్ష్మి కూడా. జయరాముడు బల్ల మీద ఉన్న సిరా మరకను చూస్తూ నిలబడ్డాడు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. ఎవరూ తిట్టలేదు. డబ్బు లెక్కపెట్టుకున్నారు, కమ్మలు విడిపించారు. నాలుగు రోజులకు మార్వాడీ నెల వడ్డీ పట్టుకున్నాడు. బండి టైమైందని వెంకటేశులు ముందే వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే పోస్టులో కవరు వచ్చింది. లోపల బ్యాంకు ఫారం. డిపాజిట్టు తీసేసి పొదుపు ఖాతాలో వేయమనీ, ఇకమీదట ముగ్గురిలో ఎవరో ఒకరు సంతకం పెడితే చాలుననీ. తమ్ముడి సంతకం గీకినట్టుంది. చెల్లెలి సంతకం ముగ్గులాగే ఉంది, ఈసారి ఒక్క తప్పూ పోలేదు. మూడో గీత పక్కన పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంది. ఉత్తరం ముక్క లేదు.

జయరాముడు ఆ కాగితాన్ని అయిదు రోజులు మంచం మీద పెట్టుకున్నాడు. ఆరోనాడు సంతకం పెట్టి, తానే ధర్మవరం పోయి ఇచ్చి వచ్చాడు. తొమ్మిదో తారీఖున. పది దాటితే వాళ్లకు ఒక నెల వడ్డీ పోతుంది మరి.

చెక్కుబుక్కు వరలక్ష్మికి పోయింది. పాసుపుస్తకం మాత్రం ఎప్పటినుంచో జయరాముడి సంచిలోనే ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు. ఆయనకు అదొక్కటే మిగిలింది. రెండు మూడు నెలలకొకసారి ధర్మవరం పోయి, కౌంటరులో ఎంట్రీ వేయించుకుని, బెంచీ మీద కూర్చుని చదివేవాడు. జూన్‌లో రెండువేలు తీశారు. బళ్లు తెరిచారు గదా, పిల్లల ఫీజు అయ్యుంటుంది. ఆగస్టులో అయిదు వేలు. వెంకటేశులు ఇంటికి మిద్దె వేస్తున్నాడని పెనుకొండ నుంచి వచ్చిన గూళ్ల రైతు ఎవరో చెప్పాడు, అదే అయ్యుంటుంది. ఉత్తరాలు రాయని మనుషులు ఆ పుస్తకంలో ఒక్కో గీత రాసి పోతున్నారు. చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని బండెక్కేవాడు. వరలక్ష్మి ఇల్లు బ్యాంకు నుంచి రెండు వీధుల అవతల. ఒకసారి వీధి మొదటిదాకా పోయి మగ్గాల చప్పుడు విని వెనక్కు తిరిగాడు. ‘‘ఏం పని మీదొచ్చినావన్నా’’ అంటే ఏం చెప్పాలి?

మరుసటేడు మే నెలలో పుస్తకం చూస్తుంటే జమ వైపు కొత్త గీతలు కనిపించాయి. మూడు వందలు. మళ్లీ మూడు వందలు. మళ్లీ మూడు వందలు. ఆపరేషన్‌కు తీసిన పన్నెండు వేలను వరలక్ష్మి కొంచెం కొంచెంగా తిరిగి కడుతోంది. ఆయన తారీఖులు చూశాడు. ఏడు. తొమ్మిది. ఎనిమిది. ఒక్కటి కూడా పది దాటలేదు.

జూన్ ఏడున జయరాముడు మార్కెట్లో సెలవు చెప్పి తెల్లవారి బండెక్కాడు. బ్యాంకు తలుపులు తెరిచినప్పటినుంచి మూసేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. వరలక్ష్మి రాలేదు. ఎనిమిదిన మళ్లీ పోయాడు. రాలేదు. ‘‘ఎంట్రీ నిన్ననే వేసిస్తిమి గదా పెద్దాయనా’’ అన్నాడు కౌంటరు గుమస్తా. ‘‘చల్లగా ఉండాదని కూచున్యా’’ అన్నాడు. నెత్తిన ఫ్యాను తిరగడం లేదు.

తొమ్మిదిన పదకొండు గంటలకు వరలక్ష్మి వచ్చింది. చెవులకు కమ్మలున్నాయి. ఆయన మొదట చూసింది వాటినే.

‘‘అన్నా! ఈడుండావేమి?’’

‘‘ఎంట్రీ వేపించుకుందామని.’’

‘‘మొన్నట్నుంచీ వేపించుకుంటాండాడమ్మా. పొద్దున తలుపు తీసేది నేను, లోపలికొచ్చేది ఈయప్ప’’ అన్నాడు అటెండరు నవ్వుతూ.

 వరలక్ష్మి చీటీ తీసుకుని నిలబడే మూడు వందలు కట్టి వచ్చి, బెంచీ మీద కూర్చుంది. ఇద్దరి మధ్య ఇంకొకరు పట్టేంత చోటు ఉండిపోయింది. అది తమ్ముడి చోటు.

‘‘ఆయన ఎట్లుండాడు?’’

‘‘బరువు ఎత్తేకి లేదు. మగ్గానికి అచ్చు కట్టేది, పోగులు లాగేది అంతా నేనే. అరగంటని చెప్పి వచ్చినా.’’

‘‘వాడు వస్తాండాడా?’’

‘‘చిన్నన్న యాడొస్తాడు. మిద్దె పని.’’

కాసేపు ఇద్దరూ కౌంటరు వైపు చూస్తూ కూర్చున్నారు. అడగవలసింది ఆమె అడుగుతుందేమోనని జయరాముడు, చెప్పవలసింది ఆయన చెబుతాడేమోనని వరలక్ష్మి.

‘‘ఆ పొద్దు నేను చెప్పుంటే నీ కమ్మలు...’’ అన్నాడు చివరికి.

‘‘తెలుసులే అన్నా’’ అంది. ‘‘నాకు వడ్డీ గురించి బాధ ల్యా. మూడు దినాలు ఆసుపత్రిలో నా పక్కనే కూచొని కూడా చెప్పకపోతివే అనే.’’

 గోడ గడియారం పదకొండున్నర చూపించింది. వరలక్ష్మి లేచింది. ఇంటికి రమ్మంటుందేమోనని ఆయన సంచి సర్దుకున్నాడు. ఆమె రమ్మనలేదు. గడప దాకా పోయి గోడకున్న కేలండర్ ముందు ఆగి, ఒక కాగితం ఎత్తి చూసింది.

‘‘వచ్చే నెల పదో తేదీ ఆదివారం పడింది. శనివారం అరపూటే. నేను ఎనిమిదినే, శుక్రవారం వస్తా’’ అంది అటు చూస్తూనే. ‘‘పుస్తకం తీసుకురా. నా మూడు వందలూ సరిగ్గా ఎక్కిస్తాండారో ల్యాదో చూడల్ల.’’

గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం పద్మావతమ్మ అరుగు మీదే ఉంది.

‘‘మూడు దినాలు వరసగా పోతివి. ఎంత చెప్పిరప్పా?’’

‘‘మూడున్నరేనమ్మా. యాడ చూసినా అంతే. వచ్చే నెల ఎనిమిదిన మళ్లా పోవల్ల.’’

‘‘మూడున్నరకు మళ్లా పోతావా!’’ అంటూ ఆమె నోరు నొక్కుకుంది.

జయరాముడు గది తాళం తీసి సంచి మేకుకు తగిలించాడు. స్టవ్వు వెలిగించి ఒక పిడికెడు బియ్యం కడిగి పెట్టాడు. అన్నం ఉడికేలోపల కేలండర్ దగ్గరకు పోయి వేలితో ఒక్కో గడి తాకుతూ లెక్కపెట్టాడు. ఇంకా ఇరవైతొమ్మిది దినాలు.